ఎప్పుడూ జనవరి ఒకటే

నేను ఒక అబద్ధాల కెమెరాని. పలాస వైపు వచ్చాక నేను తీసిన ప్రతి బొమ్మ మీదా కుడివైపు కింద నారింజ రంగు అంకెలతో తారీఖు వేశాను: 01-01-2007. పేరంటం బొమ్మ మీద అదే, తుఫాను బొమ్మ మీద అదే, బారసాల బొమ్మ మీదా అదే. ఏళ్లు గడిచాయి, నా లెక్కలో మాత్రం ఒక్క రోజూ తెల్లారలేదు. ఈ అబద్ధం ఒక ఆడమనిషి కళ్ల మీదికి ఎలా వచ్చిందో చెప్తాను. తళుకు మాటలు నాకు రావు. నేనిప్పుడు ఉండేది ఇనప బీరువాలో. ఇక్కడ తళుకుతో పనిలేదు.

నేను పుట్టింది సముద్రాలకవతల ఏదో పెద్ద షెడ్డులో. పట్టీ మీద నేను ముందుకు జరుగుతుంటే వరసగా కూచున్న ఆడవాళ్లు తలా ఒక మర బిగించారు. ఒకావిడ బ్యాటరీ మూత బిగించింది. ఆమె మొహం నాకు తెలియదు, అప్పటికి నా కన్నింకా తెరవలేదు. ఆమె బొటనవేలి ముద్ర మాత్రం ఆ మూత లోపల ఇప్పటికీ ఉంది. పెట్టె మీద కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో అచ్చు వేశారు. ఆమె పేరు ఎక్కడా లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీనితో పని పడుతుంది.

విశాఖపట్నంలో ఒక బ్యాంకు ఉద్యోగి నన్ను కొన్నాడు. మంచివాడే. మొదటిరోజే పుస్తకం చదివి మరీ తారీఖు సరిగ్గా పెట్టాడు. ఆ తర్వాత నాలుగేళ్లపాటు ఆయన భార్యాబిడ్డల్ని సముద్రం ముందు నిలబెట్టి, సముద్రం కనపడకుండా బొమ్మలు తీశాడు. ఇంటికొచ్చిన ప్రతివాడినీ కూచోబెట్టి ఆ బొమ్మలన్నీ చూపించేవాడు. వాళ్లు మిక్చర్ ప్లేటు వైపు చూస్తూ "బాగుందండీ, చాలా బాగుంది" అనేవారు. మనుషులు బొమ్మలు చూపించేది ఎదుటివాడు చూడాలని కాదు, తాము బతికామని ఎవరైనా ఒప్పుకోవాలని. అది నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత ఆయన చేతికి కెమెరా ఉన్న ఫోనొచ్చింది. నన్ను సొరుగులో పడేశారు. నా సెల్స్ చచ్చిపోయాయి, వాటితోపాటు నా గడియారమూ చచ్చిపోయింది. కొన్నేళ్లకి ఇల్లు సర్దుతూ బ్యాంకాయన భార్య నన్ను పాత కర్టెన్లతో కలిపి పనిమనిషి రాజులమ్మకి ఇచ్చేసింది. రాజులమ్మ కర్టెన్లు ఉంచుకుని నన్ను పలాస దగ్గర ఉన్న అక్క దాలమ్మకి ఇచ్చింది.

దాలమ్మ జీడి ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. జీడిపిక్కలు బాయిలర్ ఆవిరి మీద ఉడికిస్తారు. ఉడికినవాటిని ఆడవాళ్లు వరసగా కూచుని కత్తి మీద పెట్టి కొడతారు. పెంకులోంచి నల్లటి జీడినూనె కారుతుంది. చేతులకి బూడిద రాసుకుంటారు, ఆముదం రాసుకుంటారు. ఏం రాసినా ఆ నూనె చర్మాన్ని తినేస్తుంది. మీరు పెళ్లిళ్లలో పాయసంలో ఏరుకుని తినే తెల్లటి పప్పు వెనక నల్లటి వేళ్లుంటాయి.

దాలమ్మకి తారీఖు పెట్టే ఓపిక లేదు. సెల్స్ వెయ్యగానే నేను అడుగుతాను, ఇవాళ తారీఖెంత అని. ఆమె మధ్య బొత్తాం నొక్కి దాటేసేది. బొమ్మలు తీయడం అవగానే సెల్స్ ఊడబీకి టార్చిలైటులో వేసుకునేది. ఒకే జత సెల్స్, రెండు పనులు. మర్నాడు మళ్లీ నాలో వేస్తే నేను మళ్లీ జనవరి ఒకటిలో కళ్లు తెరిచేదాన్ని. ఆ ఊళ్లో ఎవరింట్లోనైనా అంతే. టీవీ రిమోటు సెల్స్ గోడ గడియారంలోకి, గడియారంవి టార్చిలోకి తిరుగుతూ ఉంటాయి. ఇందులో ఆమె తప్పేమీ లేదు. అయినా చివరికి కొంప ముంచబోయింది అదే.

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఫోన్లన్నీ ఒక ప్లాస్టిక్ ట్రేలో పెట్టించుకునేవారు. లోపల ఫొటోలు తీయకూడదని సావుకారు ఉత్తరువు. ఎందుకు తీయకూడదో ఎవరూ అడగలేదు. నన్ను మాత్రం దాలమ్మ కవరులో చుట్టి క్యారేజీ అడుగుగిన్నెలో పెట్టుకుని లోపలికి తెచ్చేది. పైగిన్నెలో గంజన్నం, ఎండుచేపల వాసన. కాపలావాడు ముక్కు మూసుకుని పొమ్మనేవాడు.

మధ్యాహ్నం అన్నాల వేళ గోడనీడన ఆరేడుగురు కూచునేవారు. అరచేయిలో సగం లేని నా తెర మీదికి ఏడు తలకాయలు వంగేవి. బ్యాంకాయన ఇంట్లో నేను ఎన్నడూ వినని మాటలు అక్కడ విన్నాను.

"ఒలే, ఎవుల్దే ఈ ముక్కు?"

"నీదే. ముందల ముక్కొచ్చినాది, ఎనకాల నువ్వొచ్చినావు."

"దాలప్పా, నా తలకాయ తెంపీసినావేటి బొమ్మలోన?"

"తలకాయుంటే నిన్ను లోపటికి రానిస్తారేటే?"

తవిటమ్మ ఉంటే నవ్వులకి అంతుండేది కాదు. ముప్పై ఏళ్లుంటాయేమో. పెళ్లయింది, మొగుడు పోయాడు, నోరు పోలేదు. ఏ బొమ్మ చూసినా ఒక మాట తగిలించేది. ఆ మాట పట్టుకుని మిగతావాళ్లు పాకం లాగినట్టు లాగేవారు. అన్నం ముద్ద చేతిలో ఆరిపోయేది. ఆ అరగంట వాళ్లు ఎవరికీ కూలీలు కారు.

తవిటమ్మ ముందు పిక్కలు కొట్టే వరసలోనే ఉండేది. వేళ్లు పుళ్లు పడి కత్తి పట్టలేకపోతే మేస్త్రీ ఆమెని బాయిలర్ దగ్గర వేశాడు. ఉడికిన పిక్కల్ని తలుపు తీసి గోనెల్లోకి లాగాలి. వేళ్లకి మంచిదే కదా అని అందరూ సంతోషించారు.

ఇక తిత్లీ తుఫాను సంగతి. ఆ అక్టోబరులో అది మా వైపు జీడితోటల్ని ఎలా పెరికి పడేసిందో ఆ జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీ రేకులు ఎగిరిపోయాయి. ఊళ్లలో ఇంకా కరెంటు లేదు, కొన్నిళ్లకి కప్పులే లేవు. సావుకారు మాత్రం బాయిలర్ మీద నీలం టార్పాలిన్ కట్టించి వారానికల్లా పని మొదలెట్టించాడు. దసరా వచ్చింది. బాయిలర్‌కి ఆయుధపూజ చేశారు.

ఆ రోజు సావుకారికి ఫొటో మీద మనసు పుట్టింది. ఫోన్లన్నీ గేటు దగ్గర ట్రేలో ఉన్నాయి, తెచ్చేలోగా ముహూర్తం దాటిపోతుంది. దాలమ్మ నోరు జారింది. "నా కాడ కెమెరా ఉన్నాది బావూ" అంది. అని నాలిక కరుచుకుంది. సావుకారు కోప్పడలేదు. కండువా సవరించుకున్నాడు. "అయితే తియ్యి. నా మొహం బాగా పడాల" అన్నాడు. నిషేధాలన్నీ మొహం బాగా పడేవరకే.

తీసింది. ఫ్లాషు పడి మొహాలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయాయి. మధ్యలో సావుకారు, కొబ్బరికాయ కొట్టిన చెయ్యి వెనక్కి పెట్టుకుని. ఎడమపక్క తవిటమ్మ, పసుపుచేత్తో బాయిలర్‌కి బొట్లు పెడుతూ. సరిగ్గా అప్పుడే తుమ్మొచ్చి మొహం పక్కకి తిప్పుకుంది. కుడివైపు చివర గున్నమ్మ చెయ్యి ఒక్కటే, హారతి పళ్లెంతో. గున్నమ్మ వాళ్లందరిలో పెద్దది. మిగతా గున్నమ్మ బొమ్మలో పట్టలేదు. పైన నీలం టార్పాలిన్. కింద నా సంతకం: 01-01-2007.

మర్నాడు గోడనీడన ఈ బొమ్మ తెర మీదికి వచ్చింది. ముందు సావుకారి కాళ్లు పట్టుకున్నారు. బూట్లు విప్పాడు గానీ మేజోళ్లు విప్పలేదు. ఎడమకాలి మేజోడు చిరిగి బొటనవేలు బయటికొచ్చింది. "పాపం, ఊపిరాడక బయటికొచ్చినాది" అన్నారెవరో. కడుపులు పట్టుకుని నవ్వారు. తర్వాత తవిటమ్మ తెర మీద నల్లటి వేలు పెట్టింది.

బాయిలర్ నెత్తిన ఒక ఇత్తడి బుడిపె ఉంటుంది. లోపల ఆవిరి మరీ ఎక్కువైతే అది తనంతట తాను లేచి ఈలేసి ఆవిరి వదిలేస్తుంది. ఇంట్లో కుక్కరు కూసినట్టే. ఆడవాళ్లు దాన్ని ఈల అనేవారు. రోజుకి నాలుగైదుసార్లు అది కూసి అందరి గుండెలూ అదరగొట్టేది. బొమ్మలో ఆ బుడిపెకి బంతిపూల దండ ఉంది. దండ కింద పచ్చగా, సన్నగా, రెండు పేటలుగా ఏదో చుట్టి ఉంది.

"సూసినారా? బాయిలర్‌కి తాళి కట్టీసినారు" అంది తవిటమ్మ. "పసుపు నానే పూసినాను. ఇంకేటుంది, ఇక నోరెత్తదు."

గున్నమ్మకి పొలమారింది. దాలమ్మ చేతిలోంచి నేను జారి కింద పడబోయాను. "నిజమేనే, నిన్నకాడ్నించి ఒక్కసారీ కుయ్యనేదు" అన్నారు. "సెవులకి సుఖంగా ఉన్నాది" అన్నారు. మళ్లీ నవ్వారు.

మీరు కూడా నవ్వారా? నవ్వండి. వాళ్లూ నవ్వారు. నాకు నోరుండి ఉంటే నేనూ నవ్వేదాన్ని. అందరికన్నా దగ్గరగా, అందరికన్నా ముందు చూసిన కన్ను నాది. నాకే తెలియలేదు.

కార్తీక సోమవారం. సగంమంది ఉపవాసం. పొద్దున పదిగంటల వేళ నేను క్యారేజీ అడుగున ఉన్నాను. ఒక చప్పుడయింది. పిడుగు పడితే ముందు వెలుగు, తర్వాత చప్పుడు. ఇది చప్పుడు, తర్వాత వేడి, తర్వాత ఒక కేక. ఆ కేక తవిటమ్మది. బాయిలర్ తలుపు ఊడి ఆవిరి ఆమె మొహం మీదికి వచ్చింది. దాలమ్మా గున్నమ్మా తడిగోనెలు కప్పి ఆటోలో ఎక్కించారు.

ఆసుపత్రిలో కళ్లు చూసి చెప్పారు. ఎడంకన్ను పోయింది. కుడికన్ను మీద పొర కట్టింది, రెండు నెలల్లోపు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది. పనిలో దెబ్బ తగిలిందని ఫ్యాక్టరీ ఒక కాగితం ఇస్తే ఆ ఆపరేషన్ అవుతుంది. ఒక్క కాగితం. దాలమ్మ ఆ సాయంత్రమే సావుకారి ఇంటి మెట్ల మీద కూచుంది.

సావుకారు బయటికొచ్చి ఏమన్నాడో తెలుసా? "తవిటమ్మెవరు?" అన్నాడు.

ఆ మాట నేనూ విన్నాను. దాలమ్మ సంచిలో ఉన్నాను నేను. ఆ మనిషి పక్కన ఆమె నిలబడ్డ బొమ్మ నా కడుపులో ఉంది. "మా పనివాళ్లలో ఆ పేరు లేదు. పొయ్యిలోకి జీడిపెంకులు ఏరుకోడానికి దొడ్డిదారిన వచ్చుంటాది" అన్నాడు.

ఆయన ధైర్యం ఏమిటో తర్వాత తెలిసింది. ఫ్యాక్టరీలో హాజరుకి వేలిముద్రల మిషను పెట్టారు. వేలు పెడితే ముద్ర పడాలి. జీడినూనె తినేసిన వేళ్లకి గీతలెక్కడివి? తవిటమ్మ వేలు పెట్టిన ప్రతిరోజూ మిషను ఎర్రదీపం వెలిగించి ఊరుకుంది. మేస్త్రీ "సర్లే, ఎల్లు" అని లోపలికి పంపాడు. ఇప్పుడేమంటున్నారంటే, మిషనులో ముద్ర లేదు కాబట్టి మనిషి లేదట. పని చేసినందుకే వేలిముద్ర పోయింది. వేలిముద్ర లేదు కాబట్టి పనే చెయ్యలేదట! ఇంతకన్నా పచ్చి దొంగతనం మీరెక్కడైనా విన్నారా? నన్ను చేసిన ఆవిడ ముద్ర ఒక మూత లోపల మిగిలింది. వీళ్లకి ఆ మాత్రం కూడా మిగల్చలేదు.

దాలమ్మ చదివింది అయిదో తరగతి. లేబరాఫీసుకి అర్జీ ఆమే రాసింది, అక్షరాలు కొండ ఎక్కి దిగాయి. నెల తిరిగాక విచారణకి పిలిచారు. అది డిసెంబరు నెల మూడో గురువారం. డాక్టరు చెప్పిన గడువుకి ఇంకా మూడు వారాలుంది.

ఒక గది, ఒక బల్ల, ఒక ఫ్యాను. బల్ల వెనక పాత్రో గారు, విచారణ అధికారి. ఒకపక్క సావుకారు, ఆయన ప్లీడరు. రెండోపక్క దాలమ్మ, గున్నమ్మ, ఇంకో నలుగురాడవాళ్లు. మధ్యలో స్టూలు మీద తవిటమ్మ. రెండు కళ్లకీ కట్టు. గోడవైపు మొహం పెట్టి కూచుంది. గోడ ఎటుందో ఆమెకి తెలియదు.

దాలమ్మ నన్ను బల్ల మీద పెట్టింది. సెల్స్ వేసింది. నేను తారీఖు అడిగాను. అలవాటుగా మధ్య బొత్తాం నొక్కి పూజ బొమ్మ తెరిచింది. పాత్రో గారు కళ్లజోడు పైకెత్తి చూశాడు. ప్లీడరు కూడా వంగి చూశాడు, చూసి నవ్వాడు.

"సార్, తారీఖు గమనించండి. రెండువేల ఏడు జనవరి ఒకటి. మా క్లయింట్ ఫ్యాక్టరీ కట్టింది రెండువేల పన్నెండులో. అంటే ఈ ఫొటో ఎక్కడిదో, ఎప్పటిదో. దీన్ని సాక్ష్యం అంటారా?"

నాకు దిమ్మతిరిగిపోయింది. ఇన్నాళ్లూ ఆ అంకెలు నాకు లెక్కే కాదు. మూలన పడుండే ఎనిమిది అంకెలు ఒక మనిషి కంటికి అడ్డంగా నిలబడతాయని నేనెప్పుడూ అనుకోలేదు. నన్ను నమ్ముకుని వచ్చింది దాలమ్మ. ఆమె ఎదుటే నా మాట చెల్లదని తేలుస్తున్నారు. తేల్చేవాడు చెప్పింది నిజమే కూడా. నేను అబద్ధమే చెప్పాను.

దాలమ్మ తడబడలేదు. "అయితే బావూ, మీ ఫ్యాక్టరీ పుట్టకముందు అయిదేళ్లకి మీ సావుకారు దానికి కొబ్బరికాయెలా కొట్టినారు?"

వెనకనించి ఎవరో కిసుక్కున నవ్వారు. ప్లీడరు మొహం గంటు పెట్టుకున్నాడు. "అది మా క్లయింట్ అని ఎవరన్నారు? మొహం తెల్లగా ఉంది. ఎవరో పోలిన మనిషి. బాయిలర్లన్నీ ఒకేలా ఉంటాయి."

అప్పుడు ఆ ఆడవాళ్లు చేసిన పని ఏ ప్లీడరుకీ తోచదు. బొమ్మ ముందుంటే వాళ్లు ఊరుకోలేరు. విచారణ అని మరిచిపోయి గోడనీడన వంగినట్టే నా మీదికి వంగారు.

"ఇదిగో నీలం టార్పాలిన్. రేకులెగిరిపోనాక కట్టినారు కాదేటి?"

"తిత్లీకి గదా రేకులెగిరినాయి."

"తిత్లీ తరవాత దసరా ఇంకా ఒక్కటే వొచ్చినాది."

పాత్రో గారు కలం ఆపాడు. ఆయన ఇంటి కప్పు కూడా తిత్లీకే పోయిందని ఆ పొద్దున ఎవరితోనో అంటుంటే వరండాలో ఈ ఆడవాళ్లు విన్నారట. "ఆగండాగండి. ఒక్కొక్కరు చెప్పండి" అని రాసుకున్నాడు. "కెమెరా తారీఖు తప్పని మీ మాటే చెబుతోంది ప్లీడరుగారూ. అసలు తారీఖు ఈ టార్పాలిన్ చెబుతోంది."

"సరే సార్" అన్నాడు ప్లీడరు. ఆయనా తక్కువవాడు కాదు. "దసరా అనుకుందాం. మా క్లయింటే అనుకుందాం. ఈ పక్కనున్నది తవిటమ్మ అని ఏమిటి రుజువు? మొహం అటు తిప్పుకుని ఉంది. ఎవరైనా కావచ్చు."

పాత్రో గారు మళ్లీ బొమ్మ మీదికి వంగాడు. నిజమే, తుమ్మొచ్చి తిప్పుకున్న మొహం. ఆ క్షణంలో ఆ తుమ్ము మీద నాకెంత కోపం వచ్చిందో చెప్పలేను.

"ఏ బొమ్మ?" అంది తవిటమ్మ.

అందరూ అటు తిరిగారు. ఆమె అప్పటిదాకా నోరు విప్పలేదు.

"పూజ బొమ్మే" అంది గున్నమ్మ.

"సావుకారు బొటనేలిదా?"

ఆమె గోడకే చెప్పుకుపోయింది. "ఎడంకాలి మేజోడు సిరిగిపోయి ఏలు బయటికొచ్చినాది."

నేను బల్ల మీంచి చూశాను. సావుకారు టక్కున తన ఎడంకాలి వైపు చూసుకున్నాడు! బూటు ఉంది, ఏమీ కనిపించదు. అయినా చూసుకున్నాడు. పాత్రో గారు ఆయన్ని చూశాడు. ఆ తర్వాత నా తెర చూశాడు, దగ్గరికి తీసుకుని మళ్లీ చూశాడు.

"ఇంకేం ఉంది బొమ్మలో?" అన్నాడు మెల్లగా.

"గున్నమ్మప్ప సెయ్యొక్కటే ఉంటాది, హారతి పళ్లెంతోటి. సావుకారు కుడిసెయ్యి ఎనక్కి పెట్టుకున్నారు. కొబ్బరికాయ కుళ్లిపోనాది గదా, ఆ సెక్క ఎనకాల దాసినారు. కుళ్లింది బొమ్మలో పడకూడదని."

బొమ్మలో కుడి మోచెయ్యి వెనక్కి వంగి ఉంది. ఆ చేతిలో ఏముందో బొమ్మ చూసినవాడికి తెలియదు. పక్కన నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది. సావుకారు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ప్లీడరు ఆయన చెవిలో ఏదో అడిగాడు, ఆయన తల ఊపలేదు, ఊపకుండా ఉండనూ లేదు.

"ఇంక ఈల మీద నానే బంతిపూలదండ ఏసినాను" అంది తవిటమ్మ. గొంతులో పాత అల్లరి ఒక్క క్షణం కదిలింది. "దాని కింద తాళి. ఆ రోజు అన్నాల కాడ ఎంత నవ్వినామో. బాయిలర్‌కి తాళి కట్టీసినారు, ఇక నోరెత్తదని అన్నాను నాను."

"తాళి ఏమిటి?" అన్నాడు పాత్రో గారు.

దాలమ్మ బొత్తాం నొక్కి బొమ్మ పెద్దది చేసింది. నా తెర మీద బంతిపూలు పెద్దవయ్యాయి. ఇత్తడి బుడిపె పెద్దదయింది. దాని కింద పచ్చటి రెండు పేటలు. ఇంకా పెద్దది చేసింది. పసుపు అక్కడక్కడ రాలి కింద ఇనుము నల్లగా కనపడుతోంది. రెండు కొసలూ మెలితిప్పి పట్కారుతో నొక్కిన గుర్తు. అది దారం కాదు, కట్టుడు తీగ. ఆవిరికి ఆ బుడిపె లేవకుండా కింది గొట్టానికి బిగించి కట్టిన తీగ.

ఆవిరి వృథా అయిపోతోందని కట్టేశారు. దాన్ని నేను చూశాను. ఏడుగురు ఆడవాళ్లు చూశారు. అన్నం తింటూ ఒకరికొకరు చూపించుకుని నవ్వుకున్నారు. అప్పటినించి పేలేదాకా పాతికరోజులు ఆ బొమ్మ వాళ్ల చేతుల్లోనే ఉంది.

గున్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. దాలమ్మ నన్ను బల్ల మీద పెట్టేసింది.

"ఏటే? ఏటయినాది?" అంది తవిటమ్మ. కట్టు కట్టిన మొహం అటూ ఇటూ తిప్పింది. "ఏటలా ఊరుకుండిపోనారు అందరూ? దాలప్పా!"

దాలమ్మకి బదులు గున్నమ్మే చెప్పింది. "అది తాళి కాదే అమ్మా. తీగ. ఈలకి కట్టీసినారు."

తవిటమ్మ తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వేళ్లు తడుముకుంది. "దానికి పసుపు పూసింది నాను" అంది.

ఏడవలేదు. మొహం సావుకారు కూచున్నవైపు తిప్పింది. ఎలా కనిపెట్టిందో, సరిగ్గా అటే తిప్పింది. "బావూ, ఇప్పుడు సెప్పండి. తవిటమ్మెవరు?"

ప్లీడరు బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు. సావుకారు కిటికీలోంచి బయటికి చూశాడు. అంత మొహం బాగా పడాలని కోరుకున్న మనిషి ఆ గదిలో మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడ్డాడు. జాలిపడమంటారా? నేను పడలేదు.

పాత్రో గారు అక్కడికక్కడే రాశాడు. ఈమె ఆ ఫ్యాక్టరీలో పనిచేసే మనిషే, దెబ్బ పనిలోనే తగిలింది. పెద్దాసుపత్రికి ఉత్తరం వేరే రాశాడు. బాయిలర్ల ఇన్‌స్పెక్టరుకి ఇంకొకటి. తర్వాత నన్ను సాక్ష్యంగా ఆఫీసులో ఉంచాలని, సీలు వెయ్యాలని అన్నాడు. అటెండరు గుడ్డసంచి, లక్కా తెచ్చాడు.

"ఒక్క నిమిషం బావూ" అంది తవిటమ్మ. "దాలప్పా, ఒక బొమ్మ తియ్యవే. సంచిలో కట్టీకముందల."

"ఇప్పుడేటి బొమ్మే?"

"ఇలగే, ఈ కట్టుతోనే. అందరం ఉండాల." కాస్త ఆగి అంది. "తారీఖు పెట్టి తియ్యి."

దాలమ్మ పాత్రో గారి వైపు చూసింది. "పాత ఫొటోలు ముట్టుకోకండి" అన్నాడాయన. సెల్స్ తీసి మళ్లీ వేసింది. నేను అడిగాను. ఈసారి ఆమె దాటెయ్యలేదు. గోడ మీది క్యాలెండరు చూసుకుంటూ, నల్లటి వేలితో ఒక్కొక్క బాణం నొక్కుతూ రోజూ, నెలా, ఏడూ పెట్టింది. ఎనిమిది అంకెలకి అయిదు నిమిషాలు పట్టింది. ఎవరూ తొందర పెట్టలేదు.

ఆఫీసు మెట్ల మీద నిలబడ్డారు. గున్నమ్మ ఈసారి పూర్తిగా పడింది. మధ్యలో తవిటమ్మ, కళ్లకి కట్టు, మొహం నిటారుగా నా వైపు. ఎవరూ నవ్వలేదు, నవ్వమని ఎవరూ అనలేదు. కింద నారింజ రంగులో 20-12-2018. పలాస వైపు వచ్చాక నేను చెప్పిన మొదటి నిజం అది.

ఇప్పుడు బీరువాలో ఉన్నాను. సెల్స్ తీసేశారు, దాలమ్మ పట్టుకుపోయింది, టార్చిలోకి కావాలి కదా. ఒకసారి వచ్చింది నన్ను తిరిగి ఇచ్చేస్తారేమో అడగడానికి. బాయిలర్ కేసు ఇంకా నడుస్తోందన్నారు. పోతూ పోతూ బీరువా వైపు తిరిగి, మనిషితో చెప్పినట్టు చెప్పింది. "తవిటమ్మ కుడికంటికి ఎలుతురు తెలుస్తంది. నిన్న నా సీర రంగు సెప్పినాది. తప్పే సెప్పినాది గానీ, సెప్పినాది."

మీరు రోజూ ఎన్ని బొమ్మలు చూస్తున్నారు? అన్నం తింటూ, బస్సులో ఊగుతూ, ఒకరికొకరు పంపుకుంటూ, ముక్కుల మీద, మేజోళ్ల మీద జోకులేసుకుంటూ. వెయ్యండి. ఆ జోకులే ఆ గదిలో ఆమెని గెలిపించాయి. కాకపోతే జోకేసిన వేలు తెర మీద ఎక్కడుందో అక్కడ ఇంకొక్కసారి చూడండి. పసుపు కింద ఏముందో చూడండి.

ఎప్పుడో ఒకరోజు కేసు తేలి నన్ను బయటికి తీస్తారు. మీలో ఎవరి చేతికైనా వస్తాను. సెల్స్ వెయ్యగానే నేను అడిగేది ఒకటే ప్రశ్న: ఇవాళ తారీఖెంత?

మధ్య బొత్తాం నొక్కకండి.